లీలామహల్ దగ్గరి కంతుల షాపు: 1938 నాటి ఒక ఎంపీ చట్టంతో కొలిస్తే ఎన్ని మార్కులు?

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి మూడున్నర స్టార్లు. మిగతా ఒకటిన్నర ఎందుకు కోసేశానో చెప్పాలంటే లండన్ పార్లమెంటు దాకా పోయి రావాలి. అంత ఓపిక లేనివాళ్ళు నేరుగా షాపుకెళ్ళి "క్యాష్ రేటెంత, కంతుల రేటెంత, రెండూ ఒకే చీటీ మీద రాసివ్వండి" అని అడగండి, చాలు.

షాపు తిరుపతిలో లీలామహల్ సర్కిల్ దాటి కరకంబాడి రోడ్డు వైపు పోతుంటే వస్తుంది. పేరు రాయను, పొగడ్తతో పాటు తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి. పెద్ద షోరూమేమీ కాదు, ఏసీ లేదు, కింద ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు, మిద్దె మీద గ్రైండర్లు, మిక్సీలు, టీవీలు. ఇక్కడికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది హోటళ్ళలో సర్వర్లు, పూలమ్మే ఆడవాళ్ళు, ఆటోవాళ్ళు, కొండ మీద అంగళ్ళలో పనిచేసేవాళ్ళు. అంటే జీతం స్లిప్పు, సిబిల్ స్కోరు అడిగితే నోరు తెరిచేవాళ్ళు. అలాంటివాళ్ళ కోసం ఈ షాపులో ఫైనాన్స్ కంపెనీ ఈఎంఐ కాకుండా సొంతంగా కంతుల కార్డు కూడా ఉంది. దాని సంగతి తర్వాత.

మేం పోయింది చిత్తూరులో ఉండే మా పిన్నమ్మకు వాషింగ్ మెషిన్ కొనడానికి. చిత్తూరు గిరింపేటలో కూడా షాపులున్నాయి కానీ, తిరుపతిలో రేటు తగ్గుతుందని పిన్నమ్మ నమ్మకం, ఆ నమ్మకాన్ని కదిలించడం ఎవరి వల్లా కాదు.

ఈ షాపులో నాకు బాగా నచ్చింది ధర చీటీ. ప్రతి వస్తువు మీదా రెండు అంకెలుంటాయి, స్కెచ్ పెన్నుతో పెద్దగా. మేం తీసుకున్న మెషిన్ మీద పైన 24,500, కింద 26,990 అని ఉంది. పైది రొక్కానికి, కిందిది పది కంతులకి, నెలకి 2,699 చొప్పున. కంతులకు పోతే ఫైనాన్స్ కంపెనీ ప్రాసెసింగ్ ఫీజు ఇంకో 599 అదనం అని కూడా కింద చిన్నగా రాసుంది. వినడానికి ఇందులో గొప్పేముందనిపిస్తుంది. అంతకుముందు ఇంకో పెద్ద షోరూముకు పోయినప్పుడు అదే మోడల్ మీద ఒకటే అంకె ఉంది, 26,990, పక్కనే ఎర్రక్షరాలతో "వడ్డీ సున్నా". రొక్కమిస్తే ఎంతకిస్తారని అడిగితే అదే రేటు సార్ అన్నాడు, ఇంకాస్త గట్టిగా అడిగితే మేనేజర్‌ని కనుక్కోవాలన్నాడు, మేనేజర్ భోజనానికి పోయినాడట. సాయంత్రం నాలుగున్నరకి!

ఇప్పుడు లెక్క చూడండి. రొక్కం రేటు 24,500 అని తెలిస్తే, పది నెలల్లో మనం కట్టేది ఫీజుతో కలిపి 27,589, అంటే 3,089 ఎక్కువ. నెలనెలా అసలు తగ్గుతూ పోతుంది కాబట్టి దీన్ని ఏడాది వడ్డీలోకి మారిస్తే 27 శాతం దాటుతుంది. అదే, రొక్కం రేటు కూడా 26,990 అనే నమ్మామనుకోండి, ఫీజు ఒక్కటే అదనం కాబట్టి వడ్డీ 5 శాతం లోపే కనిపిస్తుంది. మెషిన్ అదే, కట్టే డబ్బు అదే, ఒక్క అంకె దాచితే 27 కాస్తా 5 అయిపోయింది. రిజర్వ్ బ్యాంకు 2024 అక్టోబరు 1 నుంచి ఇలాంటి అప్పులన్నిటికీ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్, అంటే అప్పు ముఖ్య వివరాల కాగితం, ఇవ్వాలంది, వార్షిక రేటు అందులో ఉండాలంది, మంచిదే. కానీ ఆ కాగితం ఇచ్చేది ఫైనాన్స్ కంపెనీ, రొక్కం రేటు తెలిసింది షాపువాడికి. ఇద్దరి మధ్య సందులో ఆ 2,490 రూపాయలు ఎవరికీ కనపడకుండా కూర్చుంటాయి. సున్నా శాతం వడ్డీ అనేదే ఉండదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది, అయినా ఎర్రక్షరాలు మాత్రం పోలేదు.

ఈ సందుని సరిగ్గా పట్టుకుని మూసిన మనిషి బ్రిటన్ లేబర్ పార్టీ ఎంపీ ఎల్లెన్ విల్కిన్సన్. నేను డిగ్రీ పిల్లలకు హిస్టరీ చెప్తాను, మా సిలబస్‌లో ఈవిడ పేరుండదు, రెండు ప్రపంచ యుద్ధాల మధ్య బ్రిటన్ అంటే ప్రధానులు బాల్డ్విన్, చాంబర్లేన్, హిట్లర్‌తో మ్యూనిక్ ఒప్పందం, అయిపోయింది. అందుకే ఈ షాపు రివ్యూలో ఆవిణ్ణి తీసుకొస్తున్నా, ఇంకెక్కడ చెప్పాలి.

మాంచెస్టర్‌లో 1891లో పుట్టింది, బట్టల మిల్లు కార్మికుడి కూతురు. చాలా పొట్టి మనిషి, ఎర్రజుట్టు, రాజకీయాలూ ఎరుపే, అందుకే రెడ్ ఎల్లెన్ అనేవాళ్ళు. 1924లో మిడిల్స్‌బరో ఈస్ట్ నుంచి గెలిచింది, ఆ ఎన్నికల్లో లేబర్ పార్టీ తరఫున గెలిచిన ఆడమనిషి ఆవిడ ఒక్కతే. అప్పటికి బ్రిటన్‌లో 30 ఏళ్ళు నిండని ఆడవాళ్ళకు ఓటే లేదు, మగవాళ్ళతో సమానంగా 21కే ఓటు రావడానికి 1928 దాకా ఆగాల్సి వచ్చింది, ఆ పోరాటంలో సభ లోపల గట్టిగా మాట్లాడినవాళ్ళలో ఆవిడొకరు. 1931లో ఓడిపోయింది. ఆ ఖాళీలో, 1932లో, వి.కె. కృష్ణమీనన్‌తో పాటు, మన స్వాతంత్ర్యం కోసం లండన్‌లో పనిచేసిన ఇండియా లీగ్ బృందంలో మన దేశానికొచ్చి ఇక్కడి అణచివేత ఎలా ఉందో చూసి పోయింది. 1935లో మళ్ళీ గెలిచింది, ఈసారి జారో నుంచి. ఓడలు కట్టే కార్ఖానా మూతపడి ఊరంతా పనిలేకుండా కూర్చున్న చోటు. 1936 అక్టోబరులో అక్కడి నుంచి 200 మంది మగవాళ్ళు లండన్ దాకా నడిచారు, మా ఊరికి పని ఇవ్వండని పదకొండు వేల మంది దాకా సంతకాలు పెట్టిన అర్జీ మోసుకుని. ఈవిడ కూడా చాలా దూరం వాళ్ళతో నడిచింది, అర్జీని సభలో పెట్టింది. ప్రధాని బాల్డ్విన్ వాళ్ళని కలవనైనా కలవలేదు. పైగా ఇంటికి పోయాక తెలిసింది, నడిచిన రోజుల్లో పనికి అందుబాటులో లేరు కాబట్టి వాళ్ళ నిరుద్యోగ భత్యం కోసేశారని.

అందరికీ గుర్తున్నది ఆ నడక. నా దృష్టిలో మాత్రం ఆవిడ ఎంపీగా చేసిన అసలు పని ఆ తర్వాతిది, ఫొటోలు లేనిది, సెక్షన్లు, సబ్ సెక్షన్లతో నిండినది.

అప్పట్లో అక్కడ కుర్చీలు, మంచాలు, రేడియోలు, కుట్టుమిషన్లు అన్నీ కంతుల మీదే అమ్మేవాళ్ళు. చట్టం ప్రకారం అది అమ్మకం కాదు, అద్దె. చివరి కంతు కట్టేదాకా వస్తువు షాపువాడిదే, 1895లో ఒక పియానో కేసులో అప్పటి అక్కడి పెద్ద కోర్టయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఇదే తేల్చింది. దాంతో ఏమైందంటే, ముప్పావు వంతు కట్టినవాడు పని పోయి ఒకటి రెండు కంతులు తప్పితే షాపువాడు బండేసుకొచ్చి సామాను ఎత్తుకుపోవచ్చు, కట్టిన డబ్బు అద్దె కింద జమ, పైసా తిరిగివ్వక్కర్లేదు. ఆ సామానునే తుడిచి ఇంకొకడికి మళ్ళీ కంతుల మీద అమ్మొచ్చు. కొందరు వ్యాపారులకు కంతు తప్పినవాడే లాభం, సరిగ్గా కట్టేవాడికంటే! ప్రకటనల్లో వారానికి ఇన్ని షిల్లింగులు అని మాత్రమే ఉండేది, మొత్తమెంతో, రొక్కానికెంతో ఉండేది కాదు. సంతకం పెట్టిన కాగితం నకలు కూడా చేతికి వచ్చేది కాదు చాలామందికి.

విల్కిన్సన్ ప్రతిపక్ష సభ్యురాలు, ప్రభుత్వంలో పెత్తనం కన్సర్వేటివ్‌లది. బ్రిటన్‌లో మంత్రి కాని ఎంపీ కూడా సొంతంగా బిల్లు పెట్టొచ్చు, దానికి లాటరీ తీస్తారు, పేరు పైన వస్తే శుక్రవారాల్లో కాస్త టైమ్ దొరుకుతుంది. ఎక్కువ బిల్లులు అక్కడే చచ్చిపోతాయి. 1937లో ఎ.పి. హెర్బర్ట్ అనే స్వతంత్ర ఎంపీ విడాకుల చట్టాన్ని ఈ దారిలోనే గట్టెక్కించాడు, ఆ తర్వాతి సమావేశాల్లో ఈవిడ కంతుల బిల్లు పెట్టింది. ఇక్కడే ఆవిడ మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది. వేదికల మీద నిప్పులు కురిపించే మనిషి, బిల్లు దగ్గరికొచ్చేసరికి కంతుల వ్యాపారుల సంఘంతోనే కూర్చుని బేరమాడింది, కన్సర్వేటివ్ ఎంపీల మద్దతూ కూడగట్టింది. నిజాయితీగా వ్యాపారం చేసేవాడికి కూడా ఈ లాక్కునే బ్యాచ్ వల్ల చెడ్డపేరు, కాబట్టి వాళ్ళలో చాలామంది ఒప్పుకున్నారు. బిల్లు 1938లో చట్టమైంది, 1939 జనవరి నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో అమలు. స్కాట్లండ్‌కి వేరే చట్టం 1932 నుంచే ఉంది.

చట్టంలో ఏముందంటే, ఒప్పందానికి ముందే రొక్కం రేటు రాతపూర్వకంగా చెప్పాలి. ఒప్పందం నకలు ఏడు రోజుల్లో కొన్నవాడికి అందాలి. మొత్తంలో మూడో వంతు కట్టాక, కోర్టుకు పోకుండా షాపువాడు వస్తువు తీసుకుపోకూడదు. తీసుకుపోయాడా, ఒప్పందమే రద్దు, అప్పటిదాకా కట్టిందంతా కొన్నవాడికి తిరిగివ్వాలి. సగం దాకా కట్టి ఇక నా వల్ల కాదనుకుంటే వస్తువు ఇచ్చేసి బయటపడొచ్చు. ఇంట్లోకి వచ్చి సామాను తీసుకెళ్ళే హక్కు నాకుందని షాపువాడు రాయించుకుంటే ఆ షరతు చెల్లదు. మామూలు వస్తువులకు 100 పౌండ్లు, మోటారు బండ్లకు 50 పౌండ్లు పరిమితి, పశువులకైతే 500 దాకా. కార్ల పరిమితి అంత తక్కువ పెట్టడం రాజీయే, 50 పౌండ్లకు అప్పట్లో కొత్త కారు రాదు. అయినా మూడో వంతు, సగం అనే ఆ రెండు గీతలు అక్కడి 1974 నాటి వినియోగదారుల అప్పుల చట్టంలో కూడా చెక్కుచెదరకుండా ఉన్నాయి. విల్కిన్సన్ యుద్ధం తర్వాత మంత్రి అయింది, విద్యాశాఖ చూసింది, 1947 ఫిబ్రవరిలో పోయింది. ఆవిడ మంత్రిగా చేసినవి పుస్తకాల్లో ఉంటాయిలెండి.

సరే, షాపుకొద్దాం.

రొక్కం రేటు పరీక్షలో ఈ షాపుకు పూర్తి మార్కులు, మన చట్టమేదీ మెడ మీద కత్తి పెట్టకుండానే. ఎందుకు రెండు రేట్లు రాస్తారని షాపు ఓనరు పెద్దాయన్ని అడిగితే, "దాచి అమ్మితే ఒకసారి అమ్ముతా సామీ, వాళ్ళ చెల్లెలు పెండ్లికి మళ్ళీ రావాల గదా" అన్నాడు. మార్కెటింగ్ క్లాసులో ఇంతకంటే ఏం చెప్తారు.

నకలు పరీక్షలో సగం మార్కులే. షాపు బిల్లు వెంటనే చేతికిచ్చారు, స్టాంపు వేసి. ఫైనాన్స్ కాగితాలు మాత్రం ఫోనుకు లింకు వచ్చింది, మొత్తం ఇంగ్లీషులో. ఆ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అప్పు తీసుకునేవాళ్ళకు అర్థమయ్యే భాషలో ఉండాలని రిజర్వ్ బ్యాంకు రూలే ఉంది. పిన్నమ్మ పేరు మీద లోను, పిన్నమ్మకు ఇంగ్లీషు రాదు. కౌంటర్‌లో కూర్చున్న ఫైనాన్స్ కంపెనీ కుర్రాణ్ణి తెలుగులో కావాలని అడిగితే మొదట నన్ను వింతగా చూసి, తర్వాత ల్యాప్‌టాప్‌లో వెతికి, ఆఖరికి ఇచ్చాడు. అంటే ఉంది, అడిగినవాళ్ళు లేరు. ఇది షాపు తప్పు కాదు కానీ షాపులో జరిగింది కాబట్టి రాస్తున్నా.

పిన్నమ్మ అంతా విని "మూడు వేలు ఎవడికో ఎందుకు పోయాలి" అని చీటీపాట డబ్బు తీసి రొక్కమే కట్టేసింది. ఆ కుర్రాడు కాగితం ఇచ్చినందుకు పోగొట్టుకున్న లోను అది, పాపం. మొహం మాత్రం మాడ్చుకోలేదు.

ఇక షాపు సొంత కంతుల కార్డు. స్టార్లు పోయింది ఇక్కడే. గట్టి అట్ట కార్డు, ముందువైపు నెలల గళ్ళు, కట్టిన ప్రతిసారీ తేదీ, సంతకం, అంతా పద్ధతిగా ఉంది. వెనకవైపు తిప్పితే: వరుసగా మూడు కంతులు తప్పినచో సామాను ఉన్న చోటికి వచ్చి తీసుకొనబడును, కట్టిన సొమ్ము వాపసు ఇవ్వబడదు. చదవగానే నాకు 1937లో ఉన్నట్టనిపించింది. ఆవిడ చెల్లదన్న షరతూ, ఆపాలనుకున్న దోపిడీ రెండూ ఒకే వాక్యంలో. పది కంతుల్లో ఏడు కట్టిన పూలమ్మే ఆమె, వానలకు వ్యాపారం పోయి మూడు నెలలు కట్టలేకపోతే ఫ్రిజ్జూ పోతుంది, ఏడు కంతులూ పోతాయి, ఈ కార్డు ప్రకారం.

పెద్దాయన్నే అడిగా. ఇంతవరకూ ఒక్క సామానూ ఎత్తుకు రాలేదన్నాడు, "పాత ఫ్రిజ్జు తెచ్చి నేనేం జేసుకునేది సామీ, అందులో చింతపండు కూడా పెట్టుకోలేను". మరి ఎందుకు అచ్చేశారంటే "భయముండాల గదా". నమ్ముతాను, మనిషి అలాంటివాడే. కానీ ఆయన తర్వాత కొడుకు కూర్చుంటాడు, కొడుకు తర్వాత ఇంకెవరో, కార్డు మీద వాక్యం మాత్రం అదే ఉంటుంది. మంచితనం కార్డు ముందువైపే ఉంది, వెనకవైపు లేదు.

చట్టం ఏం చెప్తుందని అడుగుతారేమో. మన దేశం 1972లో కంతుల కొనుగోళ్ళకు ప్రత్యేక చట్టం చేసింది, అందులో కూడా సగం పైన కట్టినవాళ్ళకు ఇలాంటి రక్షణే పెట్టారు. అది అమల్లోకి రానేలేదు. ముప్పై ఏళ్ళకు పైగా అలాగే అల్మరాలో ఉండి 2005లో రద్దయింది. మాకిది చదివినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే అప్పులవాళ్ళని కాపాడటం మనకు తెలియని విద్యేం కాదు. విల్కిన్సన్ చట్టం వచ్చిన అదే 1938లో, చిత్తూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడే, రాజాజీ ప్రభుత్వం రైతుల అప్పుల భారం తగ్గించే చట్టం తెచ్చింది. పొలం అప్పుకి దొరికిన శ్రద్ధ ఫ్రిజ్జు కంతుకి దొరకలేదు. ఇప్పుడున్నది సాధారణ కాంట్రాక్టు చట్టం, వినియోగదారుల కమిషన్, కోర్టు తీర్పులు. గూండాలను పంపి బండ్లు లాక్కోవడం తప్పని సుప్రీంకోర్టు 2007లో బ్యాంకుల విషయంలో గట్టిగానే చెప్పింది, అయినా నడిరోడ్డు మీద తాళాలు లాక్కున్న కథలు ఏ ఆటో స్టాండులో అడిగినా దొరుకుతాయి. ఫైనాన్స్ ఈఎంఐ మీద కొన్న వాషింగ్ మెషిన్ సంగతి వేరు, అది మొదటి రోజు నుంచే మనది, మామూలుగా ఎవరూ వచ్చి ఎత్తుకుపోరు, దాని బదులు బౌన్స్ ఛార్జీలు, సిబిల్ దెబ్బ, ఫోన్ల టెన్షన్.

మిగతా విషయాలు త్వరగా చెప్పేస్తా. స్టాఫ్ మర్యాదగా ఉన్నారు, ఎక్స్‌టెండెడ్ వారంటీ అంటగట్టాలని చూడలేదు, ఒకసారి అడిగి వద్దంటే వదిలేశారు. మోడల్స్ తక్కువ, ఫ్రంట్ లోడ్ కావాలంటే ఇక్కడ టైమ్ వేస్ట్. చిత్తూరు డెలివరీకి 700 అడిగారు, రేపు అన్నది ఎల్లుండి వచ్చింది, దానికి అర స్టారు కోత. ఇన్‌స్టలేషన్ కంపెనీవాళ్ళే వచ్చి చేశారు. పార్కింగ్ లేదు, బ్రహ్మోత్సవాల టైములో అటువైపు కారేసుకుని పోకండి. ఉదయం పదకొండు లోపు పోతే పెద్దాయనే ఉంటాడు, బేరం ఆయన దగ్గరే కుదురుతుంది, కొడుకు దగ్గర అస్సలు కుదరదు.

కార్డు వెనక వాక్యానికి బదులు ఏం రాయొచ్చో ఒక కాగితం మీద రాసిచ్చా: మూడో వంతు కట్టాక ఒప్పుకోలు లేనిదే సామాను తీసుకోము, కట్టలేనివారు సగం కట్టి సామాను తిరిగి ఇచ్చివేయవచ్చును. సగం అన్నచోట ఆగి, "ముప్పావు జేద్దాం సామీ" అన్నాడు. కుదరదన్నా. ఆడిటర్‌కి చూపిస్తానని జేబులో పెట్టుకున్నాడు, కానీ పాత కార్డులు ఇంకా కట్టలు కట్టలుగా ఉన్నాయి, అవి అయిపోతేగానీ కొత్తవి అచ్చెయ్యడట. ఈలోపు ఆ కార్డు మీద కొనేవాళ్ళు వెనకవైపు ఆ లైనును పెన్నుతో కొట్టించి పక్కన ఆయన సంతకం తీసుకోండి, అడిగితే పెడతాడు.